‘షేప్’ అనే ఒక్క మాటకు ఆరోపం రాయడం: 207 స్లిప్పుల ప్రాజెక్టు డైరీ

ఒక వ్యాయామ యాప్‌కు తెలుగు వాక్యాలు రాసే పనిలో ‘గెట్ ఇన్ షేప్’ అనే బటన్‌కు నేను ‘ఆకారంలోకి రండి’ అని రాశాను. అది రెండు వారాలు అలాగే ఉండిపోయింది. చివరికి ఒక వినియోగదారుడు ‘ఇప్పటివరకు మేము నిరాకారులమా?’ అని అడిగితే గాని తప్పు నా కంటబడలేదు. నా దగ్గరున్న చిన్న నిఘంటువులన్నీ ‘షేప్’ అనే మాటకు ‘ఆకారము, రూపము, ఆకృతి’ అని మూడు మాటలిచ్చి ఊరుకున్నాయి. ఇంటర్మీడియట్ విద్యార్థికి పనికివచ్చేలా ఈ ఒక్క మాటకు సరైన ఆరోపం రాయాలని అప్పుడే అనుకున్నాను. నిఘంటువులో ఒక మాట కింద ఇచ్చే వివరణంతటినీ ఆరోపం అంటారు. ఇలాంటి పని మరో మాటకు చేయబోయేవారు నేను పోగొట్టుకున్న గంటలు పోగొట్టుకోకుండా ఉండేందుకు ఈ డైరీని ఉంచుతున్నాను.

దశ 1: స్లిప్పులు

ఎ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే 74 × 105 మిల్లీమీటర్ల స్లిప్పులు ఎనిమిది వస్తాయి. ఒక్కో స్లిప్పు మీద ఒకే వాక్యం, దాని కింద అది దొరికిన చోటు, తేదీ రాసుకున్నాను. కంప్యూటర్ ఉండగా కాగితమెందుకని అడిగేవారికి ఒకటే జవాబు: అర్థాలను విడదీసేటప్పుడు వాక్యాలను నేల మీద పరిచి, చేత్తో జరిపి చూడవలసి వస్తుంది. తెర మీద ఆ సౌకర్యం లేదు. 1879లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం జేమ్స్ మర్రే పాఠకులను పిలిచి రాయించుకున్నదీ ఇలాంటి స్లిప్పులనే.

మొదటి విడతలో 140 స్లిప్పులు రాశాను. వాటిలో 31 తీసేయవలసి వచ్చింది. 22 వాక్యాలను ఇతర నిఘంటువుల్లోని ఉదాహరణల నుంచి ఎత్తి రాసుకున్నాను. అవి నిఘంటుకారులు అర్థం చూపించడానికి కూర్చిన వాక్యాలు కావచ్చు కనుక వాడుకకు సాక్ష్యంగా నిలవవు. మిగిలిన తొమ్మిదింటికి దొరికిన చోటు రాయడం మరిచాను. వాక్యాలు బాగున్నా, ఎక్కడివో తెలియనివాటిని చెత్తబుట్టలో వేయక తప్పలేదు.

మిగిలిన 109 స్లిప్పులను లెక్కపెడితే అసలు లోపం బయటపడింది. అందులో 81 గుండ్రన, చదరం, త్రికోణం, పండు, ఆకు వంటి పైరూపాల గురించినవే. కారణం వెతకనక్కర లేదు: నేను వాక్యాలు ఏరినది ఎక్కువగా పాఠ్యపుస్తకాల నుంచి. అందువల్ల రెండో విడతలో పాఠ్యపుస్తకాలను ముట్టుకోకుండా ఆటల వార్తలు, ఆరోగ్య పత్రికలు, కుట్టుపని సూచనలు, సాఫ్ట్‌వేర్ సందేశాలు, వ్యాపార వార్తలు చూసి మరో 67 రాశాను.

వెతకడానికి ఆంట్‌కాంక్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. అది వెతికిన మాటను నడిమధ్యన నిలిపి, దానికి ముందూ వెనుకా ఉన్న మాటలను వరుసలుగా చూపిస్తుంది. మొదట్లో నేను మాటకు ముందు నక్షత్రం గుర్తు (ముందు ఏ అక్షరాలున్నా పట్టుకొమ్మని చెప్పేది) పెట్టడం మరిచిపోయినందువల్ల ‘రీషేప్’, ‘మిస్‌షేపెన్’ వంటివి జారిపోయాయి. గుర్తు పెట్టాక వచ్చాయి.

ఇప్పటివరకు: రాసినవి 207, తీసేసినవి 31, చేతిలో 176. కాగితాలు 26, మిగిలిన ఖాళీ స్లిప్పు ఒకటి. సమయం 17 గంటలు.

దశ 2: గుట్టలు వేయడం, మళ్లీ కలిపేయడం

తొలి ప్రయత్నంలో ప్రతి స్లిప్పు వెనుక దానికి సరిపడే తెలుగు మాట రాసి, ఒకే తెలుగు మాట వచ్చినవన్నీ ఒక గుట్టగా వేశాను. 17 గుట్టలయ్యాయి. చూడముచ్చటగా ఉన్నాయి గాని ఎందుకూ పనికిరావు. ఒకే ఇంగ్లీషు అర్థం ‘తీరు’ గుట్టలోనూ ‘వాటం’ గుట్టలోనూ చీలిపోయింది. పొంతనలేని రెండు అర్థాలు ‘రూపం’ గుట్టలో కలిసిపోయాయి. విద్యార్థి చేతిలో ఉండేది ఇంగ్లీషు వాక్యం. తెలుగు మాట అతనికి తెలియదు కనుకనే నిఘంటువు తెరుస్తాడు. తెలియని దాని వెంట దారి గీసి చూపినట్టుంది నా ఏర్పాటు. నాలుగు గంటల పని పాడుచేసి, అన్నీ మళ్లీ కలిపేశాను.

రెండో ప్రయత్నంలో తెలుగును పూర్తిగా పక్కనపెట్టి, మాటకు ముందు ఏముందో దాన్ని బట్టి విడదీశాను. క్రమం ఇది:

1. ముందుగా నామవాచకంగా వచ్చినవీ, క్రియగా వచ్చినవీ వేరు చేయాలి.
2. నామవాచకాల్లో ‘ఇన్’, ‘ఇంటూ’, ‘అవుట్ ఆఫ్’ తర్వాత వచ్చినవి ఒక పక్కకు, ‘టేక్’ తర్వాత వచ్చినవి మరో పక్కకు తీయాలి.
3. మిగిలిన వాటిలో బహువచనాన్ని విడిగా చూడాలి.
4. క్రియల్లో కర్త ఎవరో, కర్మ చేతికి తగిలే వస్తువో కాదో గుర్తించాలి.

ఈసారి తొమ్మిది గుట్టలు తేలాయి.

గుట్ట 1, వస్తువు పైరూపం: 58
గుట్ట 2, వృత్తం, చతురస్రం వంటి పేరున్న ఆకారాలు: 29
గుట్ట 3, స్పష్టంగా కనబడని మనిషి లేదా వస్తువు: 11
గుట్ట 4, ఒంటి స్థితి, వస్తువు స్థితి: 24
గుట్ట 5, ఆలోచనకో పనికో రూపం రావడం: 17
గుట్ట 6, ‘ఫలానా రూపంలో’ అని చెప్పడం: 9
గుట్ట 7, క్రియ, చేత్తో మలచడం: 8
గుట్ట 8, క్రియ, ప్రభావం చూపడం: 16
గుట్ట 9, కంప్యూటర్ భాష: 4
మొత్తం: 176

ఈ పద్ధతి కూడా ఒక చోట తడబడింది. ‘అవుట్ ఆఫ్ షేప్’ అన్న మాటలను బట్టి మూడు స్లిప్పులు గుట్ట 4లోకి వెళ్లాయి. కానీ ఆ మూడింటిలోనూ ఉన్నది క్రికెట్ బంతి. పురుషుల క్రికెట్‌లో బంతి చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. అనుమానం వస్తే అంపైర్లు దాన్ని లోహపు వలయంలోంచి దూర్చి చూస్తారు. దూరకపోతే బంతి నిజంగానే గుండ్రదనం కోల్పోయిందన్నమాట, దానికి ఒంట్లో బాగోలేదని కాదు. కాబట్టి ఆ మూడింటినీ గుట్ట 1కి మార్చి (పై లెక్క మార్చిన తర్వాతది), క్రమంలో ఐదో అంశం చేర్చాను: ముందున్న ‘ఇన్’, ‘అవుట్ ఆఫ్’ వంటి మాట ఒక్కటే చాలదు, కర్తను కూడా చూడాలి.

ఇప్పటివరకు: స్లిప్పులు 176, గుట్టలు 9, సమయం 26 గంటలు.

దశ 3: పాత అర్థాలు

ఇక్కడ తక్కువ సమయమే గడిపాను. ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాటకు మూలరూపం సృష్టిని, సృష్టి పొందిన ప్రాణిని, విధిని కూడా సూచించేది. దాని క్రియకు ‘సృష్టించు’ అని అర్థం. జర్మన్‌లో అదే అర్థమున్న ‘షాఫెన్’ దీని బంధువే. సృష్టికీ విధికీ ఒకే మాట ఏమిటని ఇంగ్లీషు విద్యార్థి ఆశ్చర్యపోవచ్చు గాని, పుట్టించేవాడే నుదుటి మీద రాసేవాడూ అయిన బ్రహ్మదేవుణ్ణి ఎరిగిన మనకు అందులో వింత లేదు.

ఈ దశలో నేను చేసిన తప్పు ‘షిప్‌షేప్’ దగ్గర. ‘ఫ్రెండ్‌షిప్’లోని ‘షిప్’ అనే ప్రత్యయం ఈ మాటకు చుట్టమని చదివిన ఉత్సాహంలో, ‘షిప్‌షేప్’లో ఉన్నదీ అదేననుకుని చిత్తుప్రతిలో రాసేశాను. అది కాదు. అక్కడున్నది నిజంగా నౌకే: ఓడలో సామానంతా ఎక్కడిదక్కడ సర్ది ఉన్నట్టు అని భావం. తీసేశాను. విద్యార్థులతో పరీక్ష అయ్యాక చరిత్రనంతా రెండు వాక్యాలకు కుదించి ఆరోపం చివరకు పంపాను. దానికి కారణం దశ 5లో తెలుస్తుంది.

ఇప్పటివరకు: సమయం 30 గంటలు.

దశ 4: తెలుగు మాటలు అతికించి చూడడం

ఇది అన్నిటికంటే ఎక్కువ నేర్పిన దశ, ఎక్కువ తప్పులు చేసిన దశ కూడా.

మొదట 176 స్లిప్పుల్లోనూ ‘ఆకారం’ పెట్టి, వాక్యాన్ని తెలుగులో పైకి చదివాను. చెవికి ఎబ్బెట్టుగా లేనివి గుట్ట 1లో 39, గుట్ట 2లో 25, గుట్ట 3లో మొత్తం 11, వెరసి 75. మిగిలిన 101 స్లిప్పుల్లో ఆ మాట అతకలేదు. నిఘంటువులు మొట్టమొదట ఇచ్చే మాట సగానికి పైగా వాక్యాల్లో చెల్లలేదన్నమాట. గుట్ట 3లో మాత్రం అది ఇంగ్లీషు మాటకు అచ్చంగా సరిపోయింది: ‘చీకట్లో ఏదో ఆకారం కదిలింది’ అని మనం ఎప్పుడూ అనేదే.

తరువాత, రుజువు కావాలన్న ఆశతో బైబిల్ పట్టుకున్నాను. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో ఈ మాట ఉన్న మూడు చోట్లు తీసి, తెలుగు బైబిల్‌లో అవే వచనాలు చూశాను. లూకా 3:22లో పావురం సందర్భాన ‘ఆకారము’, యోహాను 5:37లో ‘స్వరూపము’, ప్రకటన 9:7లో మిడతల విషయంలో ‘రూపములు’ ఉన్నాయి. ఒక మాటకు మూడు మాటలు! సంబరపడి మూడు స్లిప్పులు రాసి, వాటి ఆధారంగా ఒక పట్టిక కూడా తయారుచేశాను.

మర్నాడు పట్టిక చూస్తుండగా సందేహం వచ్చింది. కొత్త నిబంధనకు మూలం గ్రీకు. తెలుగు అనువాదకులు ఈ ఇంగ్లీషు మాటను చూసే ‘ఆకారము’ అన్నారని నేనెలా చెప్పగలను? గ్రీకు చూస్తే లూకాలోనూ యోహానులోనూ ఉన్నది ఒకటే మాట, ‘ఎయిదోస్’. ప్రకటనలో ఉన్నది వేరు, పోలికను సూచించేది. అంటే ఇంగ్లీషు అనువాదకులు రెండు గ్రీకు మాటలను ఒకటిగా కలిపారు, తెలుగువారు ఒక గ్రీకు మాటను రెండుగా విడగొట్టారు. నా పట్టికకు ఆధారమే లేదు. మూడు స్లిప్పులనూ తీసేశాను (అవి 207 లెక్కలో చేరనివి). పక్కపక్కన పెట్టిన రెండు అనువాదాలు ఒకదానికొకటి అనువాదాలని అనుకోవడం ఈ పనిలో నేను చేసిన అతి పెద్ద పొరపాటు. ఆరు గంటలు పోయాయి.

ఆ తర్వాత 1852లో మద్రాసులో అచ్చయిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును తలకిందులుగా వాడుకున్నాను. ఆంధ్రభారతి అనే వెబ్‌సైటు వారి నిఘంటుశోధనలో ఇంగ్లీషు మాట కొట్టి, ఏ తెలుగు మాటల వివరణల్లో అది వస్తుందో చూశాను. ఈ దారి బాగా పనికివచ్చింది. నాకు తట్టని పాత మాటలు ఎదురయ్యాయి, వాటిలో ఇప్పుడు పలికేవాటినే ఉంచుకున్నాను.

చివరికి గుట్టవారీగా నిలిచినవి ఇవి. అన్నిటికీ ఒకే నిడివిలో రాయడం లేదు, చిక్కున్న చోటే ఆగుతాను.

గుట్ట 1లో ‘ఆకారం, రూపం, ఆకృతి’ ఉన్నాయి. అతుకుడు మాటగా ‘ఆకారం’ చాలా చురుకైనది: అండాకారం, వలయాకారం, శంఖాకారం, అర్ధచంద్రాకారం. ‘ఎల్’ అక్షరం లాంటి ఇంటిని మాత్రం అందరూ ‘ఎల్ షేపు ఇల్లు’ అనే అంటారు, నేనూ అలాగే ఉంచాను. స్థలాల విషయంలో మన భాష ఆకారం అన్న మాటే ఎత్తకుండా పని జరుపుకుంటుంది: ముందు ఇరుకై వెనుక వెడల్పయితే గోముఖం, ముందు వెడల్పయి వెనుక ఇరుకైతే వ్యాఘ్రముఖం.

గుట్ట 2లో పాఠ్యపుస్తకాల ‘ఆకారాలు, ఆకృతులు’ చాలు. అయితే ఒకే ఆకారం ఉండి పరిమాణం వేరైన త్రిభుజాలను గణితంలో ‘సరూప త్రిభుజాలు’ అంటారు కనుక, అక్కడ విద్యార్థి ‘రూపం’ చూసి కంగారుపడకుండా ఒక సూచన చేర్చాను. వ్యాకరణ పుస్తకంలో ‘ఆకారం’ అంటే ‘ఆ’ అనే అక్షరమని కూడా రాద్దామనుకున్నాను గాని, అది ఈ ఆరోపానికి సంబంధించింది కాదని మానేశాను.

గుట్ట 4కు ఒకే తెలుగు మాట లేదు, ఉండనవసరమూ లేదు. మనిషి అయితే ‘ఒళ్లు దృఢంగా ఉంది’, ‘ఆరోగ్యం దెబ్బతింది’. బండి అయితే ‘కండిషన్‌లో ఉంది’. కంపెనీ అయితే ‘పరిస్థితి బాగోలేదు’. కర్తను బట్టి మూడు ఉపశీర్షికలు పెట్టాను. యాప్ బటన్‌కు ఇప్పుడు ‘ఒళ్లు దృఢపరుచుకోండి’ అని ఉంది.

గుట్ట 5కు ‘రూపుదిద్దుకొను, రూపుదాల్చు’ సరిపోయాయి. మొదట ‘ఒక కొలిక్కి వచ్చు’ కూడా ఇచ్చాను, తర్వాత కొట్టేశాను. కొలిక్కి రావడం ముగింపుకు దగ్గరపడడం. ఇంగ్లీషు మాట చెప్పేది అప్పుడప్పుడే ఆనవాలు కనబడుతున్న దశను.

గుట్ట 6లో ‘రూపంలో’ తప్ప మరేదీ నిలవలేదు. ‘పన్నుల రూపంలో’ అంటాం గాని, ‘పన్నుల ఆకారంలో’ అంటే నవ్వుతారు.

గుట్ట 8 నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ‘తీర్చిదిద్దు’ అని రాసి తృప్తిపడ్డాను. అయితే 16 స్లిప్పుల్లో ఐదింటికి కర్త యుద్ధం, కరువు, భయం వంటివి. ‘యుద్ధం ఆ పిల్లవాడి మనసును తీర్చిదిద్దింది’ అనలేం, ఎందుకంటే తీర్చిదిద్దడంలో మెచ్చుకోలు ఉంది. ఇంగ్లీషు క్రియలో మెచ్చుకోలూ లేదు, నిందా లేదు. పైగా తెలుగులో ఇలాంటి చోట ప్రాణం లేనిదాన్ని కర్తగా నిలబెట్టడం కంటే, ‘ఆ పిల్లవాడు అలా తయారవడానికి యుద్ధమే కారణం’ అనడమే సహజం. కాబట్టి ఇక్కడ మాటకు మాట ఇవ్వకుండా వాక్యానికి వాక్యం ఇచ్చాను.

గుట్ట 9లో నాలుగే స్లిప్పులున్నా, వాటిని వదిలితే కంప్యూటర్ విద్యార్థి మునుగుతాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నంపై అనే లైబ్రరీ ఒక పట్టికకు ‘షేప్’ (3, 4) అని చూపిస్తే, మూడు అడ్డవరుసలు, నాలుగు నిలువువరుసలు ఉన్నాయని అర్థం. అది గుండ్రమో చదరమో చెప్పడం లేదు, ఏ దిశలో ఎన్ని ఉన్నాయో లెక్క చెబుతోంది. ‘ఆకారం’ అంటే తప్పుదారి పడుతుంది. ‘షేప్ (అడ్డ, నిలువు వరుసల లెక్క)’ అని ఉంచాను.

ఇప్పటివరకు: సమయం 42 గంటలు.

దశ 5: విద్యార్థులతో పరీక్ష

ఎనిమిది మంది ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఆరోపం ముద్రించి ఇచ్చి, పది ఇంగ్లీషు వాక్యాలకు తెలుగు రాయమన్నాను. 80 జవాబుల్లో ఒప్పులు 47. తప్పులు 33: కంప్యూటర్ వాక్యంలో ఎనిమిదికి ఎనిమిదీ, స్థితి చెప్పే రెండు వాక్యాల్లో 12, ప్రభావం చూపడంలో 7, మిగతావి 6. జబ్బుపడిన తాతగారి గురించిన వాక్యానికి ఐదుగురు ‘ఆయన ఆకారం బాగోలేదు’ అని రాశారు.

ఎందుకలా రాశారని అడిగితే ఒక అమ్మాయి సూటిగా చెప్పింది: ‘సార్, మొదటి మూడు లైన్ల తర్వాత ఎవరూ చదవరండీ.’ నేను చరిత్ర క్రమంలో సృష్టి, విధి అనే అర్థాలతో మొదలుపెట్టాను. వాడుకలో ఉన్న అర్థాలన్నీ పేజీ అడుగున పడ్డాయి.

మార్చినవి:

1. చరిత్రను చివరకు పంపాను.
2. ‘ఇన్ షేప్’, ‘అవుట్ ఆఫ్ షేప్’, ‘టేక్ షేప్’ వంటి కూర్పులను ఆరోపం మొదట్లోనే గడిలో పెట్టాను.
3. కంప్యూటర్ అర్థానికి విడి గుర్తు ఇచ్చి, (3, 4) ఉదాహరణ చేర్చాను.
4. ఉదాహరణలను 31 నుంచి 18కి తగ్గించాను.

అవే వాక్యాలను వేరే ఎనిమిది మందికి ఇస్తే ఒప్పులు 66 వచ్చాయి. మిగిలిన 14 తప్పుల్లో కంప్యూటర్‌వి 2, స్థితివి 4, ప్రభావానివి 5, ఇతరాలు 3. ప్రభావం వాక్యంలో ఐదుగురూ యుద్ధం చేత తీర్చిదిద్దించారు. పిల్లలు నా సూచన చదవలేదు, మాట చూసి ముందుకు వెళ్లారు. ‘తీర్చిదిద్దు’ పక్కన ‘మంచి విషయాల్లోనే’ అని రెండు మాటలు కలిపాను గాని, మూడోసారి పరీక్ష పెట్టలేదు.

ఇప్పటివరకు: సమయం 52 గంటలు.

దశ 6: మన ‘షేపు’, దాని పక్కన ‘ఫారం’

తెలుగులోకి వచ్చి స్థిరపడిన ‘షేపు’ను వేరే లెక్కగా, పసుపు కాగితాల మీద 19 స్లిప్పులుగా రాశాను. ఇవన్నీ చెవిన పడినవి. దర్జీ దుకాణంలో డాట్లు (బట్టను మడిచి వేసే కుట్లు) వేస్తే జాకెట్టుకు షేపు వస్తుంది. సైకిల్ షాపులో ఒకాయన చక్రాన్ని తిప్పుతూ అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకున్నాడు. చక్రం ఎక్కడ పక్కకు వాలిందో అక్కడే సుద్ద గీత పడుతోంది. ఆ గీత ఉన్న చోట స్పోకు బిగిస్తూ, ‘షేపౌటైంది సార్, బెండు తీయాలి’ అన్నాడు. ఇంగ్లీషులో మూడు మాటలైనది ఇక్కడ ఒకటే మాటై, దానికి ‘అయింది’ కూడా తగిలింది. ఇక ‘కొడితే షేపులు మారిపోతాయి’ అనే బెదిరింపులో ఎప్పుడూ బహువచనమే. ముఖం రూపురేఖలని దాని భావం. ఇంగ్లీషులో ఈ వాడుక లేదు కనుక ఆరోపంలో చేర్చలేదు, అనుబంధంలో పెట్టాను.

అర్థంలో దీనికి జంట అయిన ‘ఫార్మ్’ను విడి ఆరోపంగానే రాయాలి, ఇక్కడ సూచన మాత్రం ఇచ్చాను. అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినది, తెలుగులో రెండు మాటలుగా చీలింది. బ్యాటర్ ‘ఫామ్’లో ఉంటాడు, ‘షేప్’లో ఉన్నాడంటే పొట్ట లేదని. ఆఫీసులో నింపేది ‘ఫారం’. మద్రాసు రాష్ట్రంలో చదువుకున్న పెద్దలు ‘ఫోర్త్ ఫారం’, ‘సిక్స్త్ ఫారం’ అనేవారు, అది తరగతి. ‘కోళ్ల ఫారం’ మాత్రం వేరే ఇంగ్లీషు మాట నుంచి వచ్చి అదే ఉచ్చారణలో కలిసిపోయింది. పసుపు స్లిప్పుల్లో ఒకదాన్ని పొరపాటున ఈ కోళ్ల మధ్య పెట్టి, అరగంట వెతికాను.

ఇప్పటివరకు: ప్రధాన స్లిప్పులు 176, పసుపువి 19, సమయం 57 గంటలు. ఆరోపం నిడివి ఒకటింబావు పేజీ.

ఇంకా తేలనివి రెండు స్లిప్పులు. రెండూ క్రికెట్ వ్యాఖ్యానం నుంచి ఏరినవే. బౌలర్‌కు ఈరోజు కొంచెం ‘షేప్’ దొరుకుతోందని అందులో ఉంది, అంటే బంతి గాలిలో వంపు తిరుగుతోందని. అది బంతి రూపం కాదు, బంతి వెళ్లే దారి రూపం. తెలుగు వ్యాఖ్యాతలు దీన్ని ‘స్వింగ్’ అనేస్తారు. రెండింటినీ గుట్ట 1లోనే ఉంచి, మూలన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను.